గ్లాసు మీద అడ్డం పెట్టిన చెయ్యి

ఫిబ్రవరి 12, బుధవారం, దోహా. హాజరైనవారు: నేను, నా భార్య, మా అమ్మాయి, అమ్మాయి పనిచేసే హోటల్లో వైన్ విభాగానికి పెద్దగా ఉన్న ఇటలీ ఆవిడ. అల్లుడు మమ్మల్ని హోటల్ గుమ్మం దగ్గర దింపి డ్యూటీకి వెళ్ళిపోయాడు కనుక అతన్ని హాజరులో వేయలేదు.

ఆ రోజు డైరీలో ఇంతవరకే ఉంది. మిగతాది రాయడానికి ఆ సాయంత్రం కుదురు చిక్కలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మాయి ఆ హోటల్లో ఇటాలియన్ రెస్టారెంట్లో పనిచేస్తుంది. చేరినప్పటి నుంచీ పొద్దుటి టిఫిన్ల డ్యూటీయే. తెల్లవారకముందే వెళ్ళి ఆమ్లెట్ల దగ్గర, పళ్ళరసాల దగ్గర నిలబడాలి. ఈమధ్య అక్కడ వైన్ చూసుకునే మనిషి పని మానేసి వెళ్ళిపోతే, ఆ చోటుకి తను పరీక్షకు కూర్చుంటానంది. ఏడాదిగా చదువుతోంది. వంటగది గోడ మీద ఇటలీ పటం అంటించుకుంది. అటు పప్పు ఉడుకుతుంటే ఇటు ద్రాక్షల పేర్లు వల్లెవేసేది.

పరీక్ష ఇదీ. వైన్‌లో ఓనమాలు తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి, ఇటలీలో చేసే మేలురకం స్పార్క్లింగ్ వైన్‌ని, అంటే బుడగలొచ్చే వైన్‌ని, వాళ్ళకి పరిచయం చేయాలి. చెప్పే తీరు, పోసే తీరు రెండూ చూస్తారు. వచ్చినవాళ్ళ భాషలోనే చెప్పవచ్చు, తర్వాత ఆ ఇటలీ పెద్దావిడకు ఇంగ్లీషులో చెబితే చాలు. చలికాలం గడపడానికి మేమిద్దరం అప్పటికే అమ్మాయి దగ్గర ఉన్నాం.

"ఓనమాలు తెలియనివాళ్ళంటే మీకన్నా ఎవరు దొరుకుతారు నాన్నా?" అంది.

నేను అంతవరకు మద్యం ముట్టలేదు. అది నియమమేమీ కాదు. ఉద్యోగమంతా మునిసిపాలిటీ నీళ్ళ ల్యాబులో గడిచింది. పొద్దున్నే నీటి వాసన, రుచి చూసి రాయాలి. నోరు పాడవుతుందని పొగాకు, వక్కపొడి కూడా దూరం పెట్టాను. తాగడం దానితోపాటే పోయింది. రుచి చూసి ఉమ్మేయవచ్చు, అందుకు వేరే పాత్ర పెడతారని అమ్మాయి ధైర్యం చెప్పింది. నా భార్యకు అదే నచ్చలేదు. తాగితే తాగండి గాని నలుగురిలో కూర్చుని ఉమ్మడమేమిటంది. తను మాత్రం వాసన చూస్తుందట, నాలుక మీద వేసుకోదట. అమ్మాయి పెద్దావిడను అడిగి దానికి ఒప్పించింది.

రంజాన్ నెల దగ్గరపడుతోంది. ఆ నెలంతా హోటల్లో సీసాలు బయటికి రావు. ఈలోగా నెగ్గకపోతే ఆ చోటు వేరే హోటల్ నుంచి వస్తానంటున్న మరొకరికి పోతుంది, అమ్మాయి మళ్ళీ ఆమ్లెట్ల దగ్గరికి పోతుంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు కాలు నిలవలేదు. ముందురోజు ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని ఇంటి నుంచి నడుచుకుంటూ పక్కపేట నజ్మా దాకా వెళ్ళి కరివేపాకు తెచ్చాను. ఫ్రిజ్ తెరిస్తే అందులో కరివేపాకు ఉంది. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను, ఈసారి దేనికి బయల్దేరానో గుర్తురాక ఉత్త చేతులతో తిరిగొచ్చాను. నా భార్య కూడా ఒకే దుప్పటిని రెండుసార్లు మడతపెట్టింది.

హోటల్ గుమ్మం దగ్గర మా పాస్‌పోర్టులు చూసి లోపలికి పంపారు. మధ్యాహ్న భోజనాలు ముగిసి రాత్రివి మొదలుకాని వేళ, రెస్టారెంటు ఖాళీగా ఉంది. కిటికీ దగ్గర తెల్లగుడ్డ పరిచిన బల్ల, మా ఇద్దరికీ మూడేసి గ్లాసులు. పెద్దావిడ పక్కబల్ల దగ్గర కాగితం, కలం పెట్టుకుని కూర్చుంది. నెరిసిన జుట్టు, సన్నటి మనిషి. నమస్కారం పెడితే తనూ రెండు చేతులూ జోడించింది.

అమ్మాయి నల్లకోటులో వచ్చింది. ఇంట్లో చూసే పిల్లలా లేదు. మొదటి సీసాకి తెల్లగుడ్డ చుట్టి, బిరడాని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో సీసాని మెల్లగా తిప్పింది. ఢామ్మంటుందని నా భార్య చెవులు మూసుకుంది. ఏ చప్పుడూ రాలేదు. పాలగిన్నె మీద మూత జరిపినప్పుడు ఆవిరి పోయినట్టు ఉస్సుమంది.

అది ప్రొసెక్కో. వైన్ ఒకసారి పులిశాక దాన్ని పెద్ద స్టీలు ట్యాంకులో పోసి, మూసేసి మళ్ళీ పులియబెడతారట. పోయే దారిలేక గాలి అందులోనే కరిగిపోతుంది, బుడగలవే. పచ్చి ఆపిల్ వాసన వస్తుందని చెప్పింది. నాకు వచ్చింది. ఒక గుక్క పుక్కిలించి, బల్లమీది పాత్రలో ఎవరూ చూడకుండా ఉమ్మేశాను. నా భార్య కిటికీ వైపు తిరిగింది.

రెండోది ఫ్రాంచాకోర్తా. దాని గురించి చెబుతున్నప్పుడు అమ్మాయి గొంతు మారింది. ఇది ట్యాంకులో కాదు, ఏ సీసాకి ఆ సీసాలోనే రెండోసారి పులుస్తుంది. నెలల తరబడి, కొన్నయితే ఏళ్ళ తరబడి చీకటి గదుల్లో అలా పడుకుని ఉంటుంది. లోపల చేరిన మడ్డిని తీయడానికి సీసాలను తలకిందులుగా వంచి, రోజూ కాస్త కాస్త తిప్పుతారు. మడ్డి మూతి దగ్గరికి దిగాక ఆ మూతిని గడ్డకట్టించి మూత తీస్తే, మంచుముక్కలా మడ్డి బయటికి ఎగిరిపోతుంది.

"ట్యాంకుది పెళ్ళివారి గుండిగలో పులిసిన పిండి అనుకో అమ్మా. ఇది నువ్వు గిన్నెడు పిండి మూతపెట్టి, వేలు పెట్టనివ్వకుండా కాపలా కాసింది."

నా భార్య గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంది. "దోసెల పిండేనే ఇది. రెండో రోజుది," అంది.

అమ్మాయి ఆ మాట పెద్దావిడకు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ తలూపి ఏదో రాసుకుంది. మంచి మార్కే పడిందనుకున్నాను. ఆ ధైర్యంతో నేనూ గ్లాసు ఎత్తాను. సన్నటి బుడగలు నాలుక మీద గుచ్చుకోకుండా పాకాయి. కాల్చిన రొట్టె, నిమ్మతొక్క, చివర్లో రాతి మీద పారిన నీటి రుచి. అలాంటి నీరు నాకు తెలుసు. కొండవాలు బావుల నమూనాలు వచ్చినప్పుడు ల్యాబులో అందరికన్నా ముందు నేనే తీసుకునేవాణ్ణి. పాత్ర అక్కడే ఉంది. నేను మింగేశాను. మిగిలిందీ తాగేశాను.

అమ్మాయి నా ఖాళీ గ్లాసు చూసింది. సీసాతో నా వైపు వచ్చింది. నేను గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు విందుల్లో ఎవరూ అడిగి వేయించుకోరు. బూరెల పళ్ళెం వస్తుందంటే చాలు, విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వంగిపోతారు. ఆ చేతుల సందులోంచి వేసేవాడే వడ్డించడం తెలిసినవాడు. చెయ్యి చూసి ముందుకు పోయేవాణ్ణి పిసినారి అంటారు. మా వీధిలో ఏ శుభకార్యమైనా కొసరి వడ్డించడానికి నన్నే పిలిచేవారు. ఏ చెయ్యి నిజంగా వద్దంటోందో, ఏది మొహమాటపడుతోందో నాకు తెలుస్తుందని పేరు. పరికిణీ కట్టుకుని నేతిగిన్నెతో నా వెనకే భోజనాల బంతి పొడవునా నడిచింది మా అమ్మాయే.

అమ్మాయి ఎడమచేతి వేలితో నా చెయ్యి పక్కకి జరిపింది. "కొంచెమే నాన్నా," అంటూ పోసింది.

పక్కబల్ల మీద కలం పెట్టిన చప్పుడైంది.

అమ్మాయి సీసా నిలబెట్టి అలాగే ఉండిపోయింది. తనేం చేసిందో మాకన్నా ముందు తనకే తెలిసింది. వద్దన్నవాళ్ళకి పోయకూడదని వాళ్ళ పాఠాల్లో మొదటి రోజే చెబుతారట. ఇక్కడ ఇలాంటి చోట అది మరీ గట్టి మాట. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు ఎక్కం మధ్యలో తప్పితే అలాగే అయ్యేవి.

పెద్దావిడ లేచి మా దగ్గరికి వచ్చింది. నన్నే అడిగింది, మెల్లగా, నాకు అర్థమయ్యే ఇంగ్లీషులో: మీకు ఇంకా కావాలా, వద్దా?

వద్దంటే మా అమ్మాయి బలవంతాన పోసినట్టు. కావాలంటే చెయ్యి ఎందుకు పెట్టినట్టు? పైగా పక్కన నా భార్య ఉంది. చెయ్యి పెట్టనే లేదందామంటే పెద్దావిడ కళ్ళారా చూసింది.

కావాలనే చెప్పాను. చాలా బాగుంది, ఇంకా తాగాలనిపించింది అన్నాను. మరి చెయ్యో అంది పెద్దావిడ. మా వైపు అలవాటని మాత్రం అనగలిగాను. మిగతాది నా ఇంగ్లీషుకు అందలేదు. నా భార్యే అందుకుంది, తెలుగులోనే, ఆవిడకు తెలుగు వచ్చినట్టే: "మా ఇళ్ళల్లో వద్దంటేనే పెడతారమ్మా. అడిగి తినేవాడు ఎవడుంటాడు?"

అమ్మాయి తలవంచుకునే దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. పెద్దావిడ ముఖంలో నవ్వు కదిలింది గాని నిలవలేదు. నాన్న చెయ్యి నీకు తెలుసు, రేపు ఈ బల్ల దగ్గర కూర్చునే మనిషి చెయ్యి నీకేం తెలుస్తుంది అని అమ్మాయిని అడిగింది. అమ్మాయి మూడో సీసా అందుకుంది. ఆ చెయ్యి బంతిలో అంత పేరున్న నాకూ తెలియదు.

మూడోది తియ్యటిది, మోస్కాతో. అమ్మాయి తప్పు లేకుండా చెప్పింది, సరిగ్గా పోసింది. కాని చూసి చదువుతున్నట్టుంది. నేను ఉమ్మానో మింగానో గుర్తులేదు. ఫలితం రేపు చెబుతామన్నారు.

సీసాలు, గ్లాసులు సర్దడానికి అమ్మాయి అక్కడే ఆగింది, మేమిద్దరం మెట్రోలో బయల్దేరాం. ముషైరిబ్ స్టేషన్‌లో దిగి మెట్ల దగ్గరికి వచ్చాక నా భార్య, "చెయ్యి జేబులో పెట్టుకుని కూర్చోలేకపోయారా?" అంది. కొంతదూరం నడిచాక మళ్ళీ, "అంత బాగుందా అది?" అని అడిగింది.

బాగుందన్నాను.

"నాకూ అనిపించిందిలెండి, వాసనకి," అంది.

మర్నాడు గురువారం, అమ్మాయికి సెలవు. అల్లుడు కాఫీ పెట్టి ఫ్లాస్కులో పోశాడు. నేను కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాను. "మామయ్యగారూ, మీరు తిరిగితే ఫోను త్వరగా మోగదండీ," అన్నాడు. అప్పుడే మోగింది. అమ్మాయి వంటగది గుమ్మంలో నిలబడి మెసేజ్ చదువుకుంది, తర్వాత మాకు తెలుగులో చెప్పింది. చెప్పడంలో నెగ్గింది, ఏ లోటూ లేదు. పోయడంలో నెగ్గలేదు. రంజాన్ మొదలయ్యేలోపు ఇంకోసారి పోసి చూపించాలి. అంతవరకు ఆ చోటు ఎవరికీ ఇవ్వరు. ఆ ఇద్దరు అతిథులే మళ్ళీ రావాలట.

"వాళ్ళే కావాలని రాసిందా పెద్దావిడ?" అంది నా భార్య.

"వాళ్ళేనట."

అమ్మాయి ఫోను పక్కన పెట్టి ఫ్లాస్కు తీసుకుంది. అందరికీ పోసింది. నా కప్పు అయిపోయాక మళ్ళీ నా వైపు వచ్చింది. నా చెయ్యి దానంతటదే కప్పు మీదికి వెళ్ళింది.

అమ్మాయి ఆగింది. ఫ్లాస్కు వంచలేదు. నా చేతివైపే చూస్తూ నిలబడింది.

"పొయ్యవే, మీ నాన్న చెయ్యి సంగతి తెలీదా?" అంది నా భార్య.

"నోటితో చెప్పమను అమ్మా."

కాఫీ వాసన వస్తోంది. అల్లుడు పేపరు చూస్తున్నట్టు తల దించుకున్నాడు. డెబ్బై దాటిన మనిషిని, ఏ ఇంట్లోనూ ఏ బంతిలోనూ ఇంకాస్త వెయ్యమని అడిగిన గుర్తు లేదు. చెయ్యి తీశాను.

"ఇంకొంచెం పొయ్యమ్మా," అన్నాను.

హోటల్లో వైన్ పోసినట్టే కప్పులో మూడో వంతుకు పోసి, ఫ్లాస్కు మూతి గుడ్డతో తుడిచి, నా కుడివైపు నుంచి వెనక్కి తగ్గి నిలబడింది.

"అదేం పొయ్యడమే, అడుగు కూడా తడవలేదు," అంది వాళ్ళమ్మ.