తీగ మీద తెప్పించిన జాబితా

నేను కోపిష్టివాణ్ణి కాదు. ఇంట్లో ఎవరినడిగినా అదే చెప్తారు. కానీ పందొమ్మిదివందల అరవైల్లో, మా నెల్లూరు జిల్లా సముద్రపు పక్క ఒక చిన్న తాలూకా ఊళ్లో పోస్టాఫీసులో తంతి పని, అదే టెలిగ్రాములు కొట్టే పని, చేస్తుండగా ఒక హెడ్ గుమాస్తా మీద వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినాయన మీద కోపమేందని మా ఆవిడ అంటుంది. ఏం చెయ్యను, ఉంది.

మా పోస్టాఫీసూ తాలూకా ఆఫీసూ ఎదురెదురుగా ఉండేవి. నడుమ మట్టిరోడ్డు. కిటికీ పక్కన నా బల్ల, బల్ల మీద తంతి కొట్టే మోర్సు కీ. తల ఎత్తితే తాలూకా ఆఫీసు వరండా, అందులో అర్జీలు పట్టుకొని కూచున్న జనం కనపడేవాళ్లు. ఆ జనంలో వారానికి రెండుసార్లు తప్పకుండా కనపడే మనిషి ఒకామె ఉండేది. కాలువ అవతల ఉన్న ఒక చేపలపాళెం ఆమెది. యాభై దాటి ఉంటాయి. ఎండు నెత్తళ్ల గంప తెచ్చి మా మెట్ల మీద నీడలో దించి, అమ్మకం అయినాక కొంగుతో మొహం తుడుచుకొని ఎదురాఫీసుకు పోయేది. వాసన కొడుతుందని మా పోస్టుమాస్టరు గొణిగేవాడు గానీ గంప తియ్యమని ఎన్నడూ అనలేదు.

ఆమె పోయేది పాళెం పని మీద. అంతకు మూడేళ్ల ముందు గాలివాన వచ్చి సముద్రం పాళెంలో ముందు రెండు వరసల గుడిసెలను తీసుకొని పోయింది. ఆఫీసర్లు వచ్చి నిలబడి చూసి, కాలువకు ఇవతల సరుగుడు తోట పక్కనున్న మెరక నేల ఇళ్లకిస్తామన్నారు. పాళెమంతా అర్జీ మీద వేలిముద్రలు వేసినారు. అక్కడితో సరి. మగవాళ్లు తెప్పల మీద పోవాల, ఆఫీసుల ముందర కూచుంటే పొయ్యి వెలగదు. 'నువ్వెట్టా చేపలమ్మను పోతావు గదా, అట్నే అడిగి రా' అని ఈమె మీద పెట్టినారు.

"ఏందక్కా, ఈరోజేమన్నారు?" అని ఒకరోజు అడిగినాను.

"ఫైలు ఈడ లేదంట సారూ. డివిజను ఆఫీసుకు పోయిందంట. డివిజనుకు పోతే మా దగ్గర అట్టాంటిది లేదు, జిల్లాకు పోయుంటుంది అన్నారు. జిల్లా ఆఫీసుకు నాలుగుతూర్లు బస్సెక్కి పోయినా. ఆడ గూడా లేదంట. మళ్లా ఈడికొస్తే ఈ హెడ్ గుమాస్తా డివిజన్లో సరిగ్గా అడగమంటాడు. నాలుగక్షరాలు రానిదాన్ని, సరిగ్గా అడగడమంటే ఎట్టనో నాకేం తెలుసు?"

ఆ మధ్యాహ్నం నాకు పని లేక ఆమె వెంట రోడ్డు దాటి పోయినాను. చదువుకున్నవాడు పక్కనుంటే కాస్త మర్యాదగా చెప్తారనుకున్నాను. హెడ్ గుమాస్తా తాంబూలం నములుతూ నన్ను చూసి కూచోమన్నాడు. ఆమెను చూసి, "ఈమెకు సముద్రంలో చేప యాడుందో తెలుస్తుందయ్యా, ఫైలు యాడుందో మాత్రం తెలవదు" అన్నాడు. గుమాస్తాలందరూ నవ్వినారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఆయనకు కోపం వస్తుందేమోనని నవ్వింది. నా ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వు ఆమె మూడేళ్లుగా నేర్చుకున్న నవ్వని అర్థమయింది. లేచి వచ్చేసినాను.

మా తీగ డివిజను ఊరికీ, అక్కణ్ణుంచి జిల్లా ఊరికీ పోయేది. ఆ రెండు చోట్లా తంతి కొట్టేవాళ్ల మొహాలు నేను ఎరగను. కీ మీద వాళ్ల చెయ్యి ఆడే తీరు మాత్రం ఎరుగుదును. జిల్లా ఊరాయనది నిదానమైన, తొందర లేని చెయ్యి. డివిజను ఊరాయనది వడి చెయ్యి, మోర్సు చుక్కలూ గీతల్లో, మాట చివర్న వచ్చే గీతను కాస్త సాగదీసేవాడు. వెయ్యిమంది కొడుతున్నా అది ఆయనేనని చెప్పగలను. రెండు గంటలు దాటితే టెలిగ్రాములు పలచబడేవి. అప్పుడు వానల గురించీ బస్సుల గురించీ మాట్లాడుకునేవాళ్లం. అది రూలు కాదు. అయినా అందరూ చేసేదే.

మరుసటి రోజు ఆ ఖాళీలో ఇద్దరినీ అడిగినాను. ఫలానా పాళెం ఇళ్లస్థలాల ఫైలు మీ ఊరి ఆఫీసులో ఉందేమో కాస్త కనుక్కోండి అని. ఇద్దరి దగ్గర్నించీ ఒకే మాట వచ్చింది. లేదు.

డివిజను ఊరాయన ఇంకో మాట కలిపినాడు. రికార్డు రూము గుమాస్తా రిజిస్టరు తెరిచి, నేను చెప్పిన పేరు అక్షరం పొల్లు పోకుండా ఉందా అని చూసి, లేకపోతే మూసేస్తాడట. ఆ మాట నాకు ఇంటికి పోయినా వదల్లేదు. పాళెం పేరు తెలుగులో ఒకటే. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ గుమాస్తా ఇష్టం ఆ గుమాస్తాది. ఒకడు 'ళ'కు ఒకటి రాస్తాడు, ఒకడు ఇంకొకటి రాస్తాడు, ఒకడు పాళెం తీసేసి కుప్పం అని పెడతాడు. పేరు పెట్టి అడిగినంతకాలం వాళ్లు లేదనే చెప్తారు, అబద్ధం చెప్పినట్టు గూడా కాదు. పేరు పెట్టి అడగకూడదు. ఉన్నవన్నీ చదివి చెప్పమని అడగాల.

టెలిగ్రాం ఫారం వెనక రాసి కొట్టేసి, మళ్లీ రాసినాను. మాట ఎక్కువయితే తప్పించుకోను సందు దొరుకుతుంది. చివరకు ఇంగ్లీషులో రెండు వరసలు మిగిలినాయి. మా తాలూకా సముద్రపు గ్రామాల ఇళ్లస్థలాల ఫైళ్లు, గాలివాన నెల నుంచి, అన్నిటి జాబితా. నంబరు, విషయం, యాడినుంచి వచ్చింది, యాడికి పోయింది. ఇద్దరినీ ఇవే అడిగినాను.

మూడోరోజు రెండున్నరకు, తీగ మీద వచ్చే మాటను టకటకా వినిపించే సౌండరు మోగింది. సాగదీసిన గీత. డివిజను ఊరాయన అన్నం మానుకొని రికార్డు రూములో కూచుని రిజిస్టరు నుంచి ఎత్తి రాసుకొచ్చినాడు. ఒక్కొక్కటి కొడుతున్నాడు, నేను పెన్సిలుతో రాసుకుంటున్నాను. ఉత్తరం పక్క పాళేలవి ఒకటి, దక్షిణం పక్కవి రెండు, ఇంకేవో. పదకొండోది వచ్చింది. ఊరి పేరు చూస్తే ఎవరూ పోల్చుకోలేరు. కానీ విషయంలో గాలివాన ఉంది, కాలువ ఉంది, సరుగుడు తోట ఉంది. 'వచ్చినది మీ తాలూకా నుంచి. తిప్పి పంపినది మీ తాలూకాకు.' దాని కింద మా తాలూకా ఆఫీసు ముట్టినట్టు ఇచ్చిన నంబరు. ఏడాదిన్నర కిందటిది.

మళ్లీ కొట్టమన్నాను. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా మళ్లీ కొట్టినాడు.

మరునాడు జిల్లా ఊరి జాబితా గూడా వచ్చింది. అందులో ఆ ఫైలు లేదు. అసలు ఆ ఊరికి ఎప్పుడూ పోనేలేదు. నాలుగుసార్లు బస్సెక్కి ఆమె పోయింది, ఎన్నడూ రాని ఫైలు కోసం. ఆ ఫైలేమో ఏడాదిన్నరగా నా కిటికీకి ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో ఉంది.

తరువాత ఆమె వచ్చిన రోజు పదకొండు గంటలకు కాగితం జేబులో పెట్టుకొని ఆమెతో రోడ్డు దాటినాను.

"ఈ నంబరు మీ రిజిస్టర్లో చూడండి" అన్నాను హెడ్ గుమాస్తాతో.

"ఎవరిచ్చినారు నీకిది?"

"ఎవరిస్తేనేం, చూడండి."

"నీ పని తంతి కొట్టడం. మా రికార్డులతో నీకేంది సంబంధం?"

"చూడండీ!" అని అరిచినాను. అంత గొంతు నాకుందని నాకే తెలవదు. గుమాస్తాల కలాలు ఆగిపోయినాయి. లోపలి గదిలోంచి తహసిల్దారు బయటికొచ్చి, ఏంది గొడవని అడిగి, రిజిస్టరు తెప్పించినాడు. నంబరు ఉంది. పక్కన హెడ్ గుమాస్తా పొట్టి సంతకం ఉంది. ఫైలు ఆయన సొంత బీరువాలో అడుగు అరలో దొరికింది. ఆయన మొహంలో రవ్వంత మార్పు లేదు. "ఓహో, ఇదా! పేరు ఇట్టా రాసుంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"దీంట్లో మా ఏలిముద్రలు ఉండాయా సారూ?" అని ఆమె అడిగింది. తెరిచి చూపించినాను. ఊదారంగు ముద్రలు వరసగా ఉన్నాయి. ఆమె వంగి చాలాసేపు చూసి ఒకదాని మీద వేలు పెట్టి, "ఇది నాదే" అన్నది.

తహసిల్దారు కాగితాలు తిప్పి సర్వే నంబరు చూసి ఆగిపోయినాడు. ఆ మెరక నేల ఎనిమిది నెలల కిందటే సరుగుడు వేసుకోమని ఒక ఆసామికి కౌలుకిచ్చేసినారు. "అప్పుడు అభ్యంతరాలేమీ రాలేదు" అన్నాడు మెల్లగా. ఎందుకు రాలేదో ఆ గదిలో అందరికీ తెలుసు. రావాల్సిన అభ్యంతరం బీరువాలో పండుకొని ఉంది.

ఆమెకు నేను చెప్పినాను. మొదట అర్థం కాలేదు. అర్థమయినాక హెడ్ గుమాస్తా బల్ల ముందరికి పోయి నిలబడింది.

"ఫైలు దొరికింది గదయ్యా. నేల యాడికి పోయింది? చెప్పు. నవ్వవేం? ఆ పొద్దు నవ్వితివి గదా, ఇప్పుడు నవ్వు. మూడేండ్లు నీ ముందర పండ్లికిలించుకొని నిలబడినా. ఇప్పుడు నువ్వు నవ్వు, నేను చూస్తా."

బంట్రోతు ఆమెను బయటికి పట్టుకుపోను వచ్చినాడు. ఆమె కళ్లు చూసి చెయ్యి వెయ్యలేదు.

నాకు వారంలో మెమో వచ్చింది. సర్కారు తీగను సొంత మాటలకు వాడినానని, వేరే ఆఫీసు రికార్డుల్లో జోక్యం చేసుకున్నానని. హెడ్ గుమాస్తా రాసిన ఫిర్యాదది. మా పోస్టుమాస్టరు మంచివాడు. నన్ను పక్కకు పిలిచి, "ఒక్క ముక్క రాసెయ్. పొరపాటయింది, ఇకమీద జరగదు అని. ఇంటామె కడుపుతో ఉంది గదా" అన్నాడు. నిజమే. ఉద్యోగం పోతే మా నాయన రెండెకరాల వరి మడి నాకూ మా అన్నలకూ యాడ చాలుతుంది? రాసినాను. ఆ కాగితం మీద సంతకం పెడుతుంటే, హెడ్ గుమాస్తా ముందర ఆమె నవ్విన నవ్వు ఇప్పుడు నేను నవ్వుతున్నట్టనిపించింది.

పాళెం వాళ్లకు ఇంకో ఏడాదికి స్థలాలిచ్చినారు. ఫైలు కనపడినాక, జాబితా నలుగురి నోళ్లలో పడినాక, ఇవ్వక తప్పలేదు. ఇచ్చింది మెరక కాదు. కాలువ గట్టు కింద పల్లం. వానాకాలం మోకాటి లోతు నీళ్లు. సగం మంది వచ్చినారు. ఆమె రాలేదు. "సముద్రం కొడితే ఒక్కసారే గదా కొట్టేది" అన్నది. హెడ్ గుమాస్తాకు ప్రమోషను వచ్చింది, శిరస్తాదారుగా వేరే ఊరికి పోయినాడు. ఊళ్లో పెద్దలు దండలేసి బస్సెక్కించినారు. కిటికీలోంచి చూసినాను.

నన్ను గూడా సముద్రానికి దూరంగా, పైరు భూముల పక్క ఒక లోపలి ఊరికి మార్చినారు. అక్కడికి పోయినాక ఒకరోజు కొత్త లైను మీద ఎవరో మాటల్లో చెప్పినారు, డివిజను ఊరాయనకు గూడా అదే మెమో వచ్చిందని, క్షమాపణ రాయనన్నాడని, ఎక్కడో ఏజెన్సీ కొండల్లోకి మార్చినారని. నాకు ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. మెమో వచ్చినాక గూడా నాతో రోజూ వానల గురించి మాట్లాడినాడు.

అడ్రసు కనుక్కొని కార్డు రాసినాను. క్షమించమని రాసినాను, ఎందుకు చెప్పలేదని అడిగినాను. నెలకు జవాబు వచ్చింది. రాత నేననుకున్నట్టు వడిగా లేదు, గుండ్రంగా, బడిపిల్లల రాతలాగుంది.

'ఏం తప్పు చేసినామని రాయమంటున్నారో నాకు అర్థం కాలేదు. అందుకని రాయలేదు. మీరు రాసినారని విన్నాను. ఇక్కడ చలి ఎక్కువ. ఆ పాళెం వాళ్లకు నేల దొరికిందా?'

నేల గురించి ఏమని రాయాలో తెలవలేదు. ఆ కార్డుకు నేను జవాబు రాయలేదు.