తీయించని మూడో ఫోటో

1985 ఏప్రిల్‌లో నన్ను సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా కరీంనగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. ఆసుపత్రి పేరు రాయను. తప్పు నాది, దానిది కాదు. అంతకుముందు రెండేళ్లు హైదరాబాదులో ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో పనిచేసి వచ్చాను కాబట్టి కాలిన చేతులు, చీలిన పెదవులు, అడవిలో ఎలుగుబంటి చీరిన ముఖాలు అన్నీ నా దగ్గరికే పంపేవారు. మా పై అధికారి సివిల్ సర్జన్ గారు ముఖాల జోలికి వచ్చేవారు కాదు. అక్కడ నాదే చివరి మాట. ఆ సంగతి నాకు కొంచెం తలకెక్కింది కూడా.

మే మొదటి వారంలో సుగుణ అనే అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చింది. ఇరవై మూడేళ్లు. పెద్దపల్లి దగ్గర మరమగ్గాల మీద బతికే పద్మశాలి కుటుంబం. ఏడాది కిందటే గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు దగ్గరి పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆమె ముక్కు కొన కిందికి వాలి ఉంటుంది, పై పెదవి పొడుగు. మాట్లాడుతుంటే పై పళ్లు కనబడవు. చిన్నప్పటి నుంచి అందరూ వెక్కిరించడంతో నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. పాఠం కూడా అలాగే చెప్పేది. తనిఖీకి వచ్చిన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు అది చూసి, టీచరు నోరే కనబడకపోతే ఒకటో తరగతి పిల్లలకు అక్షరం పలకడం ఎలా వస్తుందని అందరి ముందూ మందలించాడట. ఆయన అన్నది న్యాయమే, అన్న తీరే బాగాలేదు.

"ముక్కు చేస్తరో పెదవి చేస్తరో మీ ఇష్టం సార్. కొంగు దీసి పాఠం చెప్పాలె నేను. బడి తెరిచేలోపట అయిపోవాలె," అంది. రెండూ ఒకేసారి చేసే పద్ధతి మాకు లేదు, ఆమెకున్నవి వేసవి సెలవులు మాత్రమే. కాబట్టి ఏదో ఒకటి తేల్చాలి.

ముక్కు కొనను పైకి లేపితే వాలు పోతుంది. కానీ దాని కింద పెదవి ఇంకా పొడుగ్గా కనబడే ప్రమాదం ఉంది, వాపు తగ్గడానికి నెలలు పడుతుంది. పెదవి కుదించడం తేలిక. ముక్కు కిందే, మడతను ఆనుకుని, సన్నటి రిబ్బను లాంటి చర్మం ముక్క తీసేసి కుట్టేస్తే పెదవి పైకి జరుగుతుంది, మచ్చ మడతలో కలిసిపోతుంది. ఒక తేడా ఉంది. ముక్కు కుదరకపోతే మళ్లీ సరిచేయవచ్చు. తీసేసిన పెదవి చర్మం తిరిగి రాదు. ఇది నాకు తెలియక కాదు.

హైదరాబాదులో మాకు ఒక నియమం ఉండేది. ముఖానికి కత్తి పెట్టేముందు మూడు ఫోటోలు తీయించాలి. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి, మూడోది నవ్వుతుండగా. కొందరికి నవ్వినప్పుడు ముక్కు కొన కిందికి దిగుతుంది, పెదవి ఉండాల్సినదానికంటే పైకి పోతుంది. అలాంటివాళ్లకు చేస్తే ముక్కు చేయాలి, పెదవిని ముట్టుకోకూడదు.

బజారులోని స్టూడియో అతన్ని పిలిపించాను. మొదటి రెండు ఫోటోలకు సుగుణ కొంగు తీసి, కళ్లు దించుకుని నిలబడింది. మూడోదానికి నవ్వమంటే కొంగు మళ్లీ నోటి మీదికి పోయింది. "మొగోళ్ల ముంగట పండ్లు ఇకిలిస్తదా సారూ మా పిల్ల?" అని తల్లి నొచ్చుకుంది. నేనూ ఆ ప్రాంతంలో పుట్టినవాణ్నే. మా అక్కచెల్లెళ్లు కూడా పరాయి మగవాళ్ల ముందు కొంగు చాటునే నవ్వుతారు. బలవంతపెట్టడం మర్యాద కాదనుకుని స్టూడియో అతన్ని పంపించేశాను. రెండు ఫోటోలు ముందు పెట్టుకుని, స్కేలుతో కొలిచి, పెదవి అని నిర్ణయించాను.

ఆపరేషన్ ముందు రోజు రాజమణి సిస్టర్ నా గదికి వచ్చింది. ఆడవాళ్ల వార్డుకు హెడ్ నర్సు, నాకంటే పదేళ్లు ఎక్కువ సర్వీసు.

"సార్, గా టీచర్ పిల్ల వార్డుల అందరికి బడి ముచ్చట్లు చెప్పుకుంట నవ్వుతుంటె చూసిన. చిగుర్ల అంచు ఇప్పుడే కనవడ్తున్నది. ముక్కు సుత కిందికి గుంజుకుంటున్నది. పెదవి ఇంక చిన్నగ చేస్తె ఎట్ల సార్?"

నాకు చుర్రుమంది. "సిస్టర్, మీరు టెంపరేచర్ చార్టులు చూసుకోండి. ఆపరేషన్ సంగతి నేను చూసుకుంటాను," అన్నాను. "సరే సార్," అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వార్డు తలుపు బయట ఐదు నిమిషాలు నిలబడినా నాకు కావలసింది కనబడేది. నేను నిలబడలేదు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. ఐదో రోజు కుట్లు విప్పాం. ఆమె అద్దంలో ముందు ఎదురుగా, తర్వాత పక్కనుంచి చూసుకుంది. తల్లి నాకు దండం పెట్టింది.

దసరా సెలవుల్లో చూపించుకోవడానికి వచ్చింది. కొంగు భుజం మీదే ఉంది. మచ్చ కోసం వెతికితే గాని కనబడలేదు. నా గొప్ప చూపించుకోవడానికి రాజమణి సిస్టర్‌ను కూడా పిలిపించాను. ఇన్‌స్పెక్టరు ఇప్పుడేమంటున్నాడని సుగుణను అడిగాను.

"మొన్న వచ్చిండు సార్. నన్ను గుర్తువట్టలే. టీచరమ్మ ఏది అని నన్నే అడిగిండు," అంటూ నవ్వేసింది.

వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది గాని అప్పటికే చూశాను. పెదవి ముక్కు కిందికంటా లేచిపోయి పై చిగురంతా బయటపడింది. దాని మీదికి ముక్కు కొన వాలింది. సిస్టర్ తల దించుకుని కేసు షీటు తిరగేస్తూ ఉంది.

"పాఠం చెప్పంగ మంచిగనే ఉంటది సార్," అంది సుగుణ. "నవ్వితెనే చిన్న పిల్లలు జడుసుకుంటున్నరు. అందుకే నవ్వుడు బంద్ వెట్టిన." మళ్లీ తనే అడిగింది. "గా తీసేసిన తోలు మల్ల పెట్టరాదా సార్?"

"రాదమ్మా," అన్నాను. ముక్కు వాలు తగ్గించి చూద్దామన్నాను. ఇక ముఖం జోలికి పోనని చెప్పి లేచింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లు మూడో ఫోటో లేకుండా ఏ ముఖాన్నీ ముట్టుకోలేదు. ఒక కెమెరా కొని నర్సులకే ఇచ్చాను. ఆడవాళ్లకు ఆ ఫోటో తీసేటప్పుడు నేను గదిలో ఉండేవాణ్ని కాదు. మరుసటి ఏడాది రాజమణి సిస్టర్ ఆదిలాబాద్‌కు బదిలీ అయితే వీడ్కోలు సభలో ఆమె క్రమశిక్షణను మెచ్చుకుంటూ చాలాసేపు మాట్లాడాను. ఆ రోజు మీరు చెప్పిందే నిజమన్న మాట మాత్రం నోట రాలేదు.

నవ్వే ముఖాన్ని చూడాలని చదువు నాకు ముందే నేర్పింది. ఈ కేసుతో తెలిసింది ఇంకొకటి. మా దగ్గర ఆడమనిషి నవ్వు డాక్టరుకు కనబడదు, వార్డులో నర్సుకు కనబడుతుంది. ఆమె చెప్పినప్పుడు వినాలి.