వాల్ట్ తాత చెక్క ఇంజిన్

మొన్న, ఇప్పుడు మేముంటున్న ప్లేనోలో, మా వీధి చివర ఎవరో పాత బీరువాకి లక్క వార్నిష్ పూస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే కారు పక్కకి ఆపేశాను. ముప్పై ఏళ్ళు దాటినా ఆ వాసన నన్ను వదలదు. వదలమని అడిగే మొహమూ నాకు లేదు.

నా తొమ్మిదో ఏట మేం ఇండియానాపొలిస్‌లో ఉండేవాళ్ళం. మే నెల వస్తే రేసు కార్ల రొద పెరటిదాకా వినపడే ఆ ఊళ్ళో, పక్కింటి ముసలాయన వాల్ట్‌ని మేం తాత అనేవాళ్ళం. చలికాలమంతా ఆయన షెడ్‌లో కిరోసిన్ పొయ్యి వెచ్చదనంలో, కాఫీ, రంపపు పొట్టు, లక్క కలగలిసిన వాసనలో స్టూలెక్కి కూర్చుని కథలు వినడమే నా ఆట. ఈ దేశంలో కారు రేసులు మొదలైన రోజుల్లో కార్లూ ఇంజిన్లూ సొంతంగా గీసి కట్టిన ఒక మహానుభావుడి దగ్గర తాత వాళ్ళ నాన్న వడ్రంగి అట. లోహం పోత పోసేముందు ఇంజిన్‌ని ముక్కలు ముక్కలుగా చెక్కలో మలచి, ఇసుకలో అదిమి అచ్చు తీయాలి. ఆ మహానుభావుడు పోయాడు, ఆయన గీసిన కాగితాలూ పోయాయి, మిగిలింది ఆ చెక్క నమూనాలే. అవి ఉన్న పెట్టెని తాత పిల్లల ముందు తెరిచేవాడు కాదు. షెడ్‌లోనే ఆ మహానుభావుడు కట్టిన కారొకటి, పగిలిన ఇంజిన్ తీసేసి, ఖాళీగా ఉండేది. "చలి తగ్గగానే కొత్తది పోత పోయిస్తా కిడ్డో, దాని గొంతు నువ్వూ వింటావు," అనేవాడు.

ఆ జనవరిలో నాన్న భోగి కబుర్లు మొదలెట్టాడు. "మా చిన్నప్పుడు పక్కింటోళ్ళ గుంజలు కూడా పీక్కొచ్చి మంటలో ఏసేవోళ్ళం. తిట్టేవోళ్ళు గానీ దొంగలనేవోళ్ళు కాదమ్మా!" అంతే, నాకూ పూనకమొచ్చింది. ఆ సాయంత్రం తాత షెడ్ తలుపు పక్కన గోనెసంచిలో, విరిగిన కుర్చీ ముక్కల్లాంటి వంకర చెక్కలు కనపడ్డాయి. చెక్క ఇంజిన్ అంటే అచ్చం ఇంజిన్‌లాగే ఉంటుందనుకునే పిచ్చి మొద్దుని నేను. సంచి ఈడ్చుకొచ్చేశాను.

భోగి తెల్లవారుజామున మంచులో, ఇనప పీపాలో ఆ చెక్కలు పడగానే మంట భగ్గుమంది. రేగుపళ్ళు దొరక్క, సాయంత్రం దాకా ఆగకుండా అక్కడే అమ్మ మా చిట్టి తమ్ముడి నెత్తిన బ్లూబెర్రీలు పోసింది. వెలుగు చూసి వాల్ట్ తాత కోటు వేసుకుని వచ్చాడు, మంట దగ్గర చేతులు కాచుకున్నాడు, రెండు అరిసెలు తిన్నాడు, మంచి పండగ అన్నాడు.

పోత పోసేచోటికి తీసుకెళ్ళడానికి ముందే పెట్టెలోంచి తీసి సర్దిపెట్టిన నమూనాల సంచి కనపడటం లేదని ఆయన మర్నాడు మా ఇంటికొచ్చి అడిగాడు. నా మొహం చూడగానే నాన్నకి అర్థమైపోయింది. తాత వెళ్ళగానే తలుపేసి, "నోరెత్తావంటే చంపేస్తా. కేసు పెట్టాడంటే మన గ్రీన్ కార్డ్ గోవిందా!" అన్నాడు.

తాత మమ్మల్ని అనుమానించనే లేదు. తనే ఎక్కడో పెట్టి మరిచిపోయాననుకున్నాడు, మతి పోతోందనుకున్నాడు. ప్రతి ఆదివారం వెతకడానికి సాయం రమ్మని నన్నే పిలిచేవాడు. టార్చి పట్టుకుని ప్రతిసారీ వెళ్ళాను, ఛీ, మంచాల కిందా అటక మీదా ఆయనతోపాటు వెతికాను. మతి పోతోందన్న భయంతో తాత డ్రైవింగ్ మానేశాడు. రెండేళ్ళకి కూతురొచ్చి వృద్ధాశ్రమంలో చేర్చింది.

ఇప్పుడు తాత లేడు, నాన్నా లేడు, షెడ్ కూల్చేశారు. ఆ కారు ఒక మ్యూజియంలో ఉంది. పోయినేడు వెళ్ళి చూశాను. బానెట్ కింద ఖాళీ. పక్కన చిన్న పలక మీద, 'ఇంజిన్ నమూనాలను చివరి యజమాని పోగొట్టుకున్నాడు' అని రాసి పెట్టారు. రెండుసార్లు చదివాను. బయటికి వచ్చేశాను.