మాస్టారి పాఠాలు, రెండుచోట్ల

పెన్సిల్ రబ్బరుతో ర్యామ్ పట్టీ అంచును రుద్దితే ఒక వాసన వస్తుంది. నిన్న పాచిపెంటలోని నా నెట్ సెంటర్లో ఆ వాసనకు నా చేతులు ఆగిపోయాయి. ముందున్నది సింహాచలం మాస్టారి కంప్యూటరు. ఆయన పోయి మూడు నెలలైంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఆయన రాసిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయని, అది వెలగడం లేదని, వాళ్లావిడ సాలూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు.

కొండమీది మా ఊరి నుంచి సాలూరు హాస్టల్‌కి వచ్చిన కొత్తలో, ముట్టుకుంటే పేలుతుందేమోనని ఆయన కంప్యూటర్ గది గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన మూత తీసిన పాత పెట్టెను నా ముందుకు తోశారు. “బయమెందుకే గుంటా, అది సచ్చిపోయింది. సెయ్యెట్టి సూడు,” అన్నారు. అన్నిటినీ మోసే పెద్ద పలక మదర్‌బోర్డు. లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. సన్నటి పట్టీ ర్యామ్. “పని సేసినంతసేపే దీనికి గేపకం. కరెంటు పోతే అంతా మర్సిపోద్ది. దాసుకున్నది ఈ హార్డ్‌డిస్కులో ఉంటాది.” పక్క కంప్యూటర్లో పాట మోగుతోంది. నేను ఈ పెట్టె మూలమూలలా వెతికి, “మరి పాటెక్కడుంది మాస్టారూ?” అన్నాను. ఆయన నవ్వలేదు. “నీకు పాటొచ్చు గదా, అది నీ గొంతులో ఎక్కడుందో సూపించు. సాఫ్టువేరూ అంతే. సేతికి తగల్దు, పని సేయించేది మాత్రం అదే.” వారం రోజులు నా గొంతు నేనే తడుముకుంటూ తిరిగాను.

కోర్సు చివర నా ప్రాజెక్టు ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఇంటికెళ్తూ వానలో తడిశాను. చూపిస్తేనే సర్టిఫికెట్టు, అది ఉంటేనే ఉద్యోగానికి దరఖాస్తు. నా కంగారు చూసి మా అమ్మ తడిసిన పెన్‌డ్రైవ్‌ను గుడ్డలో కట్టి, పొయ్యిమీది అటకలో చోడి, అంటే రాగి విత్తనాల పక్కన పెట్టింది. మా ఇళ్లలో పాడవకూడనిదేదైనా ఆ పొగలోనే దాస్తారు. మూడోరోజుకి అది నల్లబడి వంకరపోయింది. మాస్టారు దాని అంచును నాచేతే రబ్బరుతో రుద్దించారు. అయినా తెరుచుకోలేదు. నేను ఏడుస్తూ అమ్మను తిట్టాను.

“అమ్మనెందుకు తిడతావు?” అన్నారాయన. “ఇత్తనాలన్నీ ఆ అటకలోనే ఎడతాదేటి మీ అమ్మ?”

“లేదు మాస్టారూ. సగం మావయ్య ఇంట్లో ఉంచుతాది.”

“మరి నీ ఫైలు?”

రెండు రోజులు కూర్చుని మొత్తం మళ్లీ టైపు చేశాను. పక్క కుర్చీలో ఆయన ఉన్నారు గానీ, ఒక్క అక్షరం కొట్టిపెట్టలేదు.

నిన్న ర్యామ్ తుడిచాక తెర వెలిగింది గానీ హార్డ్‌డిస్క్ పలకలేదు. టక్, టక్ అని రెండు చప్పుళ్లు చేసి ఊరుకుంది. నాకు కోపం వచ్చింది. రెండుచోట్ల దాచమని అందరికీ చెప్పిన మనిషి, తనది మాత్రం ఒక్కచోటే పెట్టుకున్నారు. ఈమధ్య రాసినవి ఇక రావు. ఆ మాటే ఆవిడకు చెప్పాను.

“అయితే ఆయన రాసినియ్యేటీ లేవా అమ్మా?” అన్నారావిడ.

“కొత్తవి పోయాయమ్మగారూ. పాతవున్నాయి. కోర్సు అయిపోయిన రోజే అడిగి కాపీ చేసుకున్నాను. ఒకటి ఇక్కడ, ఒకటి మా అమ్మకాడ.”

ఆవిడ “పొయ్యిమీదేటి?” అన్నారు. ఆ కథ మాస్టారు ఇంట్లో చెప్పినట్టున్నారు. ఇద్దరం నవ్వాం, నాకు కళ్లు మండాయి. కొత్త పెన్‌డ్రైవ్ తీసి పాఠాలన్నీ ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టాను.

“మూడోది మీకాడ ఉంచండి,” అన్నాను.