అలియాబాద్ మార్

అలియాబాద్‌లో అమీర్ అలీ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వేలు చూపించరు, చెవి పెట్టుకుని పొమ్మంటారు. పాలు పిండే వేళకే ఆ ఇంట్లో క్లారినెట్టు మొదలవుతుంది. మిగతా రోజంతా ఆయన కూరగాయల రైతు. ముహూర్తాలొస్తే మాత్రం న్యూ గుల్షన్ బ్యాండు మాస్టరు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎవరింట పెళ్లయినా ఊరేగే బరాత్ ముందు ఎర్రకోటు తొడుక్కుని నడిచేది ఆయనే.

అలా ఇరవై రెండేళ్లు నడిచాడు. బరాత్‌లో బ్యాండువాడి ఇష్టంతో పనిలేదు. పెళ్లికొడుకు బావమరిది ఒక పాట అడుగుతాడు, మేనమామ ఇంకోటి అడుగుతాడు. అన్నీ సినిమా పాటలే. అడిగింది వాయించాలి, అడిగినవాడు ఎగిరి ఆడాలి, అదీ మర్యాద. అమీర్ అలీకి సినిమా పాటల మీద కోపమేమీ లేదు. ఆయనకున్నది ఒక్కటే ఆశ. తాను కట్టిన పాటను ఎవరైనా, ఎప్పుడైనా, ఒక్కసారి పేరు పెట్టి అడగాలి.

ఆ పాట వంకాయ మడికి నీళ్లు కడుతూ కట్టింది. తీన్‌మార్ దెబ్బే గానీ చిన్న కొంటెతనం ఉంది. మూడో దెబ్బ పడాల్సిన చోట పెద్ద డ్రమ్ము వాయించే లింగం చెయ్యి ఆపేస్తాడు. ఆ ఖాళీలో వినేవాడి కాలు తనంతట తానే నేలను తన్నాలి. దానికి ‘అలియాబాద్ మార్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. ధైర్యం చేసి రెండు బరాత్‌లలో వాయిస్తే, అర నిమిషం తిరక్కముందే సినిమా పాట కావాలని అరిచారు.

“మాస్టర్, ఎరుక లేని పాటకు ఎవడెగుర్తడు? ముందుగాల కేసెట్టు రావాలె. ఇండ్లల్ల వినాలె. అప్పుడు వాళ్లే అడుగుతరు,” అన్నాడు లింగం.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆ మాట పట్టుకుని బ్యాండులోని తొమ్మిదిమందీ పేట్ బషీరాబాద్ వెళ్లారు. అక్కడ కొత్త కాలనీలో ఫణిభూషణ్ అని రాజమండ్రి వైపు ఉద్యోగస్థుడు, ఇంటి వెనక గదిలో గోడలకు బొంతలు కొట్టి భజన పాటలు రికార్డు చేస్తుండేవాడు. పాట విని ముచ్చటపడ్డాడు. మైకు కదలదు కాబట్టి తమరూ కదలకూడదని, తొమ్మిది కుర్చీలు వేయించి వరసగా కూర్చోబెట్టాడు. ఆయన భార్య పార్వతీదేవి గాజు గ్లాసుల్లో టీ ఇచ్చింది. ఆఫీసర్లలా కూర్చుని, ఒక్క తప్పు లేకుండా వాయించి, కడుపునిండా సంతోషంతో తిరిగొచ్చారు.

కేసెట్టులో ఒక్కటే పాట. తిప్పి పెట్టినా అదే పాట. అట్టమీద తొమ్మిది ఎర్రకోట్ల ఫొటో. మొదటి కేసెట్టు మేడ్చల్ బస్టాండు పక్కన వీరభద్రం దుకాణానికి చేరింది. కొత్త కేసెట్టు ఏదొచ్చినా వీరభద్రం దాన్ని బయటి స్పీకరు పెట్టెలో మోగించి, బస్సు కోసం నిలబడ్డవాళ్ల కాళ్లు చూస్తాడు. కాళ్లు ఆడితేనే అమ్ముతాడు, మొహాల్ని నమ్మడు.

పాట మోగింది. అమీర్ అలీ కూడా కాళ్లనే చూశాడు. ఇరవై జతల కాళ్లు గుంజలు పాతినట్టు నిలబడ్డాయి. ఒక పెద్దమనిషి కాలు విదిలించాడు గానీ, అది చీమ కుట్టి.

“పాట మంచిగనే ఉన్నది భాయ్. కాలే లేస్తలేదు,” అని వీరభద్రం కేసెట్టు తీసి చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి అమీర్ అలీ అన్నం ముట్టలేదు. భార్య హజీరా చాటలో బియ్యం ఏరుతూ ఆ కేసెట్టు పెట్టమంది. ఒకవైపు విన్నది, రెండోవైపూ విన్నది. ఏరుతున్న వేళ్లలో కాస్తయినా జోరు లేదు.

“అజీ, కూసోని వాయించిన్రా?”

ఆయన బిత్తరపోయాడు. నీకెలా తెలిసిందన్నాడు.

“ఇరవై ఏండ్ల సంది మూలమలుపు కాడ మీ బ్యాండు తిరుగుతుంటె వింటున్న. మీరు నడిస్తెనే పాటకు దమ్మొస్తది. గిందుల నడక లేదు.”

నిజమే మరి. ఆ తొమ్మిదిమందికీ తాళం చేతుల్లో ఉండదు, ఎడమకాల్లో ఉంటుంది. సాధన కూడా పొలంగట్టు మీద నడుస్తూనే చేస్తారు. కుర్చీలో కూర్చుని వాయించడం వాళ్లకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. మర్యాద చేశారని మురిసిపోయి, కాళ్లున్న సంగతే మరిచారు.

మళ్లీ వెళ్లి చెబితే ఫణిభూషణ్ తల పట్టుకున్నాడు. నడిస్తే చెప్పుల చప్పుడు పడుతుందన్నాడు, శబ్దం దగ్గరై దూరమై పోతుందన్నాడు. అయినా మంచి మనిషి, పెరట్లో జామకొమ్మకు మైకు వేలాడదీశాడు. తొమ్మిదిమందీ దాని చుట్టూ నడుస్తూ మొదలుపెట్టారు. రెండో చుట్టుకు కాలనీవాళ్లు మేడలెక్కి చూస్తున్నారు. మూడో చుట్టుకు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్న ఫణిభూషణ్ తానే లేచి ఊగడంతో స్టూలు బోర్లాపడింది.

“చెప్పుల చప్పుడు పడ్డది సార్,” అన్నాడు లింగం భయంగా.

“పడనివ్వండి. అది తీసేస్తే పాటేముందండీ?”

ఈసారి బస్టాండులో పాట మోగగానే, టమాటా గంపతో నిలబడ్డ అత్వెల్లి ఊరావిడ మడమ లేచింది. తర్వాత పక్కవాడిది. కండక్టరు బస్సు రేకు మీద దెబ్బ వేశాడు. అమీర్ అలీ మాత్రం వాళ్లను చూడలేదు. వంగి, బల్ల కింద వీరభద్రం కాలిని చూశాడు. అది ఆడుతోంది.

మరుసటేడు మాఘంలో లింగం చెల్లెలి పెళ్లి. మగపెళ్లివారు సిద్దిపేట వైపు నుంచి తమ బ్యాండుతోనే దిగారు. న్యూ గుల్షన్‌వాళ్లు ఆరోజు ఆడపెళ్లివారు, కాబట్టి ఉత్త చేతులతో ఎదురెళ్లారు. బరాత్ మలుపు తిరగగానే ముక్కూ మొహం తెలియని కుర్రాడొకడు బ్యాండువాళ్ల ముందుకు ఉరికాడు.

“సినిమాలది సాలు. అలియాబాద్ మార్ కొట్టున్రి.”

అమీర్ అలీ మునివేళ్ల మీద లేచి ఆ కుర్రాణ్ని చూశాడు. అవతలి బ్యాండు ఎత్తుకుంది. మూడో దెబ్బ దగ్గర ఆగింది కూడా. అంతకంటే చిత్రం, గిలకలు ఊపేవాడు పాట పొడుగునా వాటిని సరసరమని ఒకటే ఆడిస్తున్నాడు. కేసెట్టులో పడ్డ చెప్పుల చప్పుడు అది. పాటలో భాగమే అనుకుని పొల్లుపోకుండా నేర్చుకున్నారు. లింగం పగలబడి నవ్వి, మాస్టరు చెయ్యి పట్టి గుంపులోకి లాగాడు.

ఇన్నేళ్లలో ఎన్ని వందల బరాత్‌లు నడిపించినా అమీర్ అలీ ఒక్కదాంట్లోనూ ఆడలేదు. నోటికీ చేతులకూ ఎప్పుడూ పనే. ఇప్పుడా ఖాళీ చేతులు ఏం చేయాలో తెలియక కాసేపు తడుముకున్నాయి. కాళ్లకు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆడవాళ్ల గుంపులోంచి హజీరా కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమెకు సిగ్గూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

పాట అయిపోయింది. ఆయన రొప్పుతూ ఆ బ్యాండు మాస్టరు దగ్గరికెళ్లి ఇంకోసారి వాయించమన్నాడు. ఆ మాస్టరు ఈయన్ని ఎరగడు. క్లారినెట్టు తుడుచుకుంటూ, ఏ పాట కావాలె పెద్దాయనా అని అడిగాడు.

“అలియాబాద్ మార్,” అన్నాడు అమీర్ అలీ.