గ్రిల్లు వెనక కొబ్బరి నూనె

ఆ రోజుల్లో నాకు రెండు గర్వాలుండేవి. మా సంఘం బండిని తోలేది నేనేనన్నది ఒకటి, నా జుట్టు రెండోది. రెండూ ప్రభువిచ్చినవేనని సాక్ష్యం చెప్పేవాణ్ణి గానీ, వాటిని చూసుకుని మురిసినంతసేపు ఇచ్చినవాణ్ణి తలుచుకున్నానని చెప్పలేను. (బండి ఇప్పుడు పాతబడింది, జుట్టు పోయింది. దేవుడు గర్విష్ఠులను అణచివేస్తాడన్న సంగతి వాక్యంలో కంటే అద్దంలోనే నాకు బాగా బోధపడింది.)

బండి చిన్నదేమీ కాదు. ఒక విశ్వాసి తాను వాడుకున్నంత కాలం వాడుకుని మా ఆదోని మందిరానికి కానుకగా ఇచ్చిన పెద్ద ఎస్‌యూవీ. కౌతాళంలో ప్రార్థన కూడిక ఉందంటే మనుషులు, డోలక్కు, పులిహోర గిన్నె అన్నీ అందులోనే. బయలుదేరే ముందు అందరం బండి ఎదుట నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం మా ఆచారం. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనేవాళ్ళం. ఆయన ప్రార్థన ఆదోనిలో మొదలై, లోకంలోని రాజులనందరినీ పలకరించి, చివరికి మా బండి టైర్ల దగ్గరికి వచ్చి ఆగేది. అంతసేపూ ఒక్కరు కన్ను తెరిస్తే ఒట్టు. ఆయన భార్య, మా అమ్మగారు, అందరికంటే ముందు గ్రిల్లును ఆనుకుని నిలబడేవారు. పొట్టి మనిషి. బానెట్టు ఆవిడకు గడ్డం దాకా వచ్చేది. చేతిసంచిలో బైబిలుతో పాటు, జ్వరమొచ్చిన పిల్లల నుదుట రాయడానికి ప్రార్థన చేసిన కొబ్బరి నూనె సీసా ఉండేది.

ఒక ఎండాకాలం ఆవిడ గుండె నీరసించింది. వేడి తగలకూడదన్నాడు డాక్టరు. ఆవిడ కోరింది మాత్రం ఒక్కటే. కొత్తగా పెళ్ళయి వచ్చిన రోజుల్లో ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో, ఒక నేతామె తన ఇంటి పంచలో చోటిస్తే ఆడవాళ్ళ కూడిక మొదలుపెట్టింది ఆవిడే. "ఒక్కసారి పోయి వాళ్ళ మొకాలు సూసొస్తా. మల్లా యాడికీ పోతానని అడగనులే," అన్నారు. ఏసీ బండి ఉంది కదా అని అయ్యగారు సరేనన్నారు. సరిగ్గా ఆ వారమే ఏసీలోంచి వడగాలి రావడం మొదలైంది.

బండిని మా ఊరి ఏసీ మెకానిక్ భాయ్ షెడ్డుకు తోలుకుపోయాను. ముందరి బంపరు విప్పి చూసి, రేడియేటరు ముందు జల్లెడలా నిలబడి ఉండే కండెన్సర్ కారుతోందన్నాడు. "గ్యాసు పోయే సోట లోపలి నూనె గూడా జిడ్డుగా బయటికొస్తాదప్పా. జిడ్డు యాడుంటే లీకు ఆడ," అని ధీమాగా చెప్పాడు. జిడ్డు మాత్రం గ్రిల్లుకు సరిగ్గా వెనక, నడిమధ్యలో, నల్లరేగడి దుమ్ముతో కలిసి మందంగా పేరుకుపోయి ఉంది. అక్కడ సబ్బునురగ పూశాడు, బుడగ రాలేదు. మళ్ళీ పూశాడు, రాలేదు. పొద్దంతా అదే తంతు. (బైబిలు కీర్తనలో అహరోను గడ్డం మీదుగా అంగీ అంచు దాకా కారిన తైలం నాకు గుర్తొచ్చింది గానీ, భాయ్ ముఖం చూసి ఆ ప్రసంగం మానుకున్నాను.)

చివరికి ఆయన ఆ జిడ్డును వేలితో తీసి వాసన చూశాడు. తర్వాత నా తల వైపు చూశాడు.

"ఏమప్పా, దీంట్లో తలకాయ పెట్టి పండుకుంటావా?"

"నేనెందుకు పండుకుంటా భాయ్?"

"మరి కొబ్బరి నూనె వాసనొస్తాందే. ఉగ్గాని బజ్జీ తిని చెయ్యి తుడిచినావంటే నమ్ముదు. ఇది నీ తలదే."

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నా నిగనిగలాడే క్రాఫు చూసి నవ్వారు. నాకు పౌరుషం వచ్చి, ఆ వారమంతా తలకు నూనె పెట్టలేదు. అసలు లీకు కింది మూలన, తుప్పు పట్టినచోట దొరికింది. అతుకు నిలవదని భాయ్ పాత కండెన్సర్ తీసేసి కొత్తది బిగించాడు. పైపుల్లోని గాలి లాగేసి గ్యాసు నింపాడు. కూడిక రోజు పొద్దున తానే బండి తెచ్చిచ్చి, చల్లదనం మాకు చూపించి పోతానని మా ప్రార్థన అయ్యేదాకా పక్కన నిలబడ్డాడు.

బండి లోపల మంచులా ఉంది. భాయ్ పనితనం చూపించాలని నేను ఫ్యాను ఇంకా పెంచాను. ఆదోని దాటామో లేదో, వెనక నుంచి అమ్మగారి గొంతు సన్నగా వినిపించింది.

"నాయనా, ఆపప్పా దాన్ని. సలి పెడతాంది."

ఏసీ ఆపి అద్దాలు దించాను. అయ్యగారు ఎమ్మిగనూరు దాకా చెమట తుడుచుకుంటూనే ఉన్నారు. ఆవిడ మాత్రం కిటికీకి ముఖం ఆనించి, "పత్తికట్టె వాసనొస్తాంది సూడు," అని సంతోషపడ్డారు. ఆ చలి ఏసీది కాదని, నీరసించిన గుండెదని అయ్యగారికీ నాకూ తెలుసు. కూడికలో ఆవిడ వాక్యం చెప్పలేకపోయారు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని పిల్లల పేర్లు అడిగారు, అంతే. పంచలో చోటిచ్చిన నేతామె, ఇప్పుడు ముసలామె, తన మగ్గం మీది దుప్పటి తెచ్చి ఆవిడ భుజాల చుట్టూ కప్పింది. ఆ మండుటెండలో దుప్పటి కప్పుకునే తిరిగొచ్చారు.

వానలు పడక ముందే అమ్మగారు ప్రభువునందు నిద్రించారు. పెట్టెలో ఆవిడ మీద కప్పింది ఆ దుప్పటే. ఆవిడ ప్రభువు సన్నిధిలో ఉన్నారని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. అయినా చాలా రోజులు బండి ఎదుట ప్రార్థన అయ్యాక నేను ఆమేన్ అనకుండానే బండెక్కేవాణ్ణి.

ఆ తర్వాత సర్వీసుకు పోయినప్పుడు భాయ్ గ్రిల్లులోకి తొంగిచూసి నవ్వబోయి ఆగిపోయాడు. వెండిలా మెరిసే కొత్త కండెన్సర్ నడుమ, దుమ్ము పట్టిన జిడ్డు వేలి గుర్తు ఒకటి ఉంది.

"మీ అమ్మగారు రాసిందే," అన్నాడు. "బండి తెచ్చిచ్చిన పొద్దు మీరు దువా సేస్తాంటిరి కదా. మీరంతా కండ్లు మూసుకుంటిరి, నేనెందుకు మూసుకుంటా? ఆయమ్మ సీసా తీసి, గ్రిల్లు సందులో యేలు పెట్టి రాసె. 'తోలే పిల్లోణ్ణి సల్లగా సూడు సామీ' అనుకునె. నన్ను జూసి, సెప్పొద్దని సైగ సేసె."

"మరి ఆ పాత జిడ్డు నాదని నవ్వినావు కదా భాయ్."

"అప్పుడు నాకేం తెలుసప్పా?" అని బ్రష్షు తీసుకుని, "తుడిచేదా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన బ్రష్షు పక్కన పెట్టేశాడు. ఈనాటికీ కండెన్సర్ కడిగినప్పుడు ఆ వేలెడు చోటు వదిలేస్తాడు.

ప్రార్థనలో నేనిప్పుడు ఒక కన్ను తెరుస్తాను. (సంఘ పెద్దలు మన్నించాలి.) గ్రిల్లు ముందు ఎవరూ ఉండరు. ఎవరూ చెప్పకపోయినా అందరూ ఒక మనిషికి చోటు విడిచి వెనక్కి నిలబడతారు. మొన్న ఒక సంఘ పెద్ద గ్రిల్లులోకి చూసి, ఆ జిడ్డేమిటని అడిగాడు.

"నా తలదే అన్నా," అన్నాను.

ఆయన నా బట్టతల వైపు కాసేపు చూసి బండెక్కాడు.