అయ్యగారి హస్తవాసి

మా బావ తలకు దువ్వెనతో పనిలేదు. చెవుల వెనక నాలుగు వెంట్రుకలు మిగిలాయి గానీ, అవి కూడా మొహమాటానికి ఉన్నట్టే ఉంటాయి. అలాంటి మనిషి తన బతుకంతా పరుల జుట్టు కోసం ధారపోశాడు. మేమిద్దరం పనిచేసే ఫ్యాక్టరీలో తలస్నానం తర్వాత రాసుకునే కండిషనర్ తయారవుతుంది. సీసాలో పోశాక అది ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో తేల్చడం ఆయన పని. సీసా మీద మాటలు రాయడం నా పని. ఇద్దరిలో జీతం ఎవరికి ఎక్కువో అడగకండి, మా అక్క బాధపడుతుంది.

నేను రాసిన ప్రతి లేబులూ ముందు ఆయన బల్ల మీదకు వెళ్ళాలి. ‘వజ్రకాంతి’ అని రాస్తే ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తాడు. ‘ఈ జన్మలో జుట్టు రాలదు’ అని రాస్తే, “ఎవరి జన్మరా?” అని తన గుండు నిమురుకుంటాడు. ఒక్క వాక్యాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ‘యజమాని స్వహస్తాలతో కలిపినది’ అన్నది ఆ వాక్యం. అది నిజం కూడాను. ట్యాంకులో క్రీము తయారైన ప్రతిసారీ ఓనరుగారు స్వయంగా వచ్చి, ఒక మగ్గుడు సెంటు తన చేత్తో పోసి వెళ్తారు. ఆయన చెయ్యి పడితేనే సరుకు అమ్ముడుపోతుందని ఆయన నమ్మకం. జీతాలు తీసుకునే వాళ్ళం కాబట్టి మా అందరి నమ్మకం కూడా అదే.

బావ ఆఫీసు పని ఆఫీసులో వదిలి వచ్చే రకం కాదు. ఇంట్లో ఫ్రిజ్ నిండా ఆయన జాడీలే. ఎండ పడే కిటికీలో కొన్ని, స్నానాలగదిలో ఆవిరి తగిలేచోట కొన్ని. మా అక్క తల కూడా ఆయన ప్రయోగశాలలో భాగమే. పాపిడికి ఎడమ పక్క పాత సరుకు, కుడి పక్క కొత్త సరుకు రాసి, రెండింటికీ తేడా చూస్తాడు. ఒకసారి ఎవరిదో పెళ్ళికి ఆవిడ సగం తల పట్టులా, సగం తల పీచులా వెళ్ళింది. “ఎటు పక్క నుంచి ఫొటో తియ్యమంటావమ్మా?” అని ఫొటోగ్రాఫరు అడిగాడట. అక్క ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు, బావను మర్చిపోనివ్వదు కూడా.

ఇలా ఉండగా దుకాణాల నుంచి సీసాలు తిరిగి రావడం మొదలైంది. విరిగిన పాలలాగా పైన గడ్డలు, అడుగున నీళ్ళు. ఓనరుగారు అందరినీ తన గదికి పిలిచారు. గోడౌను ఆయన లారీ కుదుపుల వల్ల అన్నాడు. లారీలు మాట్లాడే ఆయన గోడౌను ఉక్క వల్ల అన్నాడు. అమ్మకాల మేనేజరు మాత్రం తెలివైనవాడు.

“విరిగిందని మనం ఎందుకనుకోవాలి సార్? రెండు పొరల కొత్త పద్ధతి అందాం. వాడే ముందు బాగా కుదపండి అని ఒక ముక్క వేస్తే సరిపోతుంది.”

అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ వాక్యం నచ్చింది. మనసులో అప్పటికే రాసేసుకున్నాను కూడా.

“కుదిపితే మళ్ళీ కలవదండీ. విరిగింది విరిగిందే” అన్నాడు బావ.

ఓనరుగారికి చిరాకేసింది. “అయితే తప్పెక్కడుందో నెలాఖరులోగా చెప్పండి. లేకపోతే ట్యాంకు దగ్గర పెద్దాయన్ని మాన్పించేద్దాం. చేసేది ఆయనేగా!”

గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దాయన తల వంచుకున్నాడు. ఫ్యాక్టరీకి మొదటి ట్యాంకు వచ్చిన రోజు నుంచీ ఆయన అక్కడే ఉన్నాడు. ఆ వయసులో బయటికి పంపితే ఆయన్ని పనిలో పెట్టుకునేవాడు లేడు. అడకత్తెరలో పోకచెక్క ఆయనైతే, ఆ అడకత్తెర మా బావ చేతికిచ్చారు.

బావది ఒకటే సూత్రం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి ఆగాలి. నీళ్ళు మార్చి చూశాడు. మైనం మార్చి చూశాడు. సీసా, మూత కూడా మార్చాడు. తన గదిలో చిన్న గిన్నెలో చేసిన క్రీమేమో వేడి పెట్టెలో పెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా నిక్షేపంలా ఉంది. అదే పాళ్ళతో ట్యాంకులో చేసింది మాత్రం విరుగుతోంది. నెల కరిగిపోతోంది. అక్క తల మీద ఎక్కడా ఖాళీ లేదు.

ఒక సాయంత్రం బావ నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

“ఓనరుగారు మోకాలు నొప్పితో ఇంట్లో ఉండిపోయారు చూడూ, అప్పుడు చేసిన సరుకులో ఒక్క సీసా కూడా తిరిగి రాలేదురా.”

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటారే, అది నేను కళ్ళారా చూడటం అదే మొదలు.

“బావా, నీకు దణ్ణం పెడతాను, ఈ మాట ఇక్కడే మర్చిపో” అన్నాను.

ఆయన మర్చిపోలేదు. మర్నాడు థర్మామీటరు పట్టుకుని ట్యాంకు పక్కన నిలబడ్డాడు. సెంటు అన్నది క్రీము చల్లారాకే పడాలి, కొలిచినంతే పడాలి. ఇదివరకు సాయంత్రం వచ్చే ఓనరుగారు ఈ మధ్య భోజనానికి వెళ్ళే ముందే వస్తున్నారు. ఆ వేళకి ట్యాంకు ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. పెద్దాయన రెండు చేతులతో మగ్గు అందించాడు. ఓనరుగారు కళ్ళు మూసుకుని పోశారు. “మనకి పీనాసితనం ఎందుకు, ఇంకొంచెం పడనీ” అని మరో మగ్గు కూడా పోశారు. పెద్దాయన భక్తిగా చూస్తున్నాడు. ఓనరుగారు వెళ్ళాక బావ సంగతి చెబితే, ఆయన చెవులు మూసుకున్నాడు.

“తప్పు బాబూ, అలా అనకూడదు. అయ్యగారి చెయ్యి చల్లని చెయ్యి.”

“చెయ్యి చల్లనిదే పెద్దాయనా. ట్యాంకే వేడిగా ఉంది” అన్నాడు బావ.

ఇంట్లో ఈ సంగతి విని మా అక్క పొయ్యి కట్టేసి బావ వైపు తిరిగింది. “చెబితే మీ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఆయనది పోతుంది. మీరు ఏం చేస్తారో నాకు తెలుసు, నన్నెందుకు అడుగుతారు?” అంది. నాకు మాత్రం భయమేసింది. ఎలుక పిల్లి మెడలో గంట కట్టబోతుంటే పక్కన నిలబడటం కూడా ప్రమాదమే.

నెలాఖరు రోజున మళ్ళీ అదే గది, అదే మనుషులు. బావ లేచి నిలబడ్డాడు.

“సెంటు వేడిలో పడుతోంది సార్. ఎక్కువ కూడా పడుతోంది. అందుకే క్రీము విరుగుతోంది.”

“ఎవరు పోస్తున్నారు?” అన్నారు ఓనరుగారు. నిజంగానే ఆయనకు తట్టలేదు.

గదిలో అందరికీ ఒక్కసారిగా ఫ్యాను మీద ఆసక్తి పుట్టింది. నేనూ ఫ్యానే చూశాను. గుమ్మం దగ్గర నుంచి పెద్దాయన గొంతు వినిపించింది.

“నేనే అయ్యా. నా చేతిదే తప్పు.”

అది వినగానే బావ ముఖం కందిపోయింది. అంత కోపం ఆయనలో ఉందని నాకు తెలియదు. “కాదు సార్. ఆయన మగ్గు అందిస్తాడు, అంతే. పోసేది మీరు” అన్నాడు.

ఓనరుగారు బావను చూశారు, పెద్దాయన్ని చూశారు, లేచి వెళ్ళిపోయారు. అమ్మకాల మేనేజరు బావ కుర్చీకి కాస్త దూరంగా జరిగాడు. నేను జరగలేదు, కానీ అది ధైర్యం కాదు, నా కుర్చీ పక్కన గోడ ఉంది.

మర్నాడు బావకు వస్తుందనుకున్న ఉద్యోగం ఊడే కాగితం రాలేదు. భోజనాల వేళకి ముందు ఓనరుగారు మామూలుగానే ట్యాంకు దగ్గరికి వచ్చారు. సెంటు డబ్బా బావ తన గదిలో పెట్టి తాళం వేశాడు. పెద్దాయనకేమో అయ్యగారిని వట్టి చేతులతో నిలబెట్టడం ప్రాణం పోయినా చేతకాదు. ఏం చెయ్యాలో తోచక, ట్యాంకులోని క్రీమే ఒక మగ్గుడు తోడి అందించాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఓనరుగారు మగ్గును ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అందులో సెంటు వాసన లేదని ఆయనకు తెలియదంటే నేను నమ్మను. ఏళ్ళ తరబడి పోసిన మనిషి. ఇంకా చాచే ఉన్న పెద్దాయన చేతులను చూశారు. కళ్ళు మూసుకుని, ఆ క్రీమును తీసిన ట్యాంకులోనే పోశారు. రెండో మగ్గు అడగలేదు.

“ఇవాళ సువాసన బాగుంది పెద్దాయనా” అన్నారు. బావ వైపు తిరిగి, “ఇంక తేడా రాదుగా?” అని అడిగారు.

“రాదండీ.”

రాలేదు. ఆయన రోజూ వస్తూనే ఉన్నారు, పోస్తూనే ఉన్నారు. చల్లారాక బావ కొలిచి సెంటు కలుపుతూనే ఉన్నాడు. పెద్దాయన మాత్రం సరుకు బాగుపడిందంతా అయ్యగారి చెయ్యి వల్లే అని కొత్తవాళ్ళకు చెబుతుంటాడు.

కొత్త సీసాల లేబులు బావ బల్ల మీదకు వెళ్ళినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. ‘పట్టు మెరుపు’ అన్నదాన్ని కొట్టేశాడు. ‘ఇంటిల్లిపాదికీ’ అన్నదాన్ని, గుండు తడుముకుని మరీ కొట్టేశాడు. ‘యజమాని స్వహస్తాలతో కలిపినది’ దగ్గర ఎర్ర పెన్సిలు ఆగింది.

“కొట్టెయ్యవా బావా? ఇప్పుడది అబద్ధమేగా?” అన్నాను.

ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. “ఉండనీరా. ఇదివరకు స్వహస్తాలతో పాడుచేసినది అని రాయాల్సింది. ఇప్పుడే కదా కలుపుతున్నది, క్రీములో క్రీము” అన్నాడు.